ఎవరు కుట్టిన్రు?

కుక్కర్ మూడో కూత వేసేలోపల రెండు గుండీ కాజాలు కుట్టడం పూర్తి చేయాలనుకుంది సఫూరా. రెండోది సగంలో ఉండగానే పరదా అవతలి నుంచి బషీర్ గొంతు వినిపించింది.

“చాయ్ అడిగి అరగంటాయె. ఇంట్ల కూసొని ఏం చేస్తున్నవ్?”

ఏం చేస్తోంది? ఒళ్ళో పెళ్ళికొడుకు షేర్వానీ, నోట్లో సూది, జారిపోకుండా ఎడమకాలితో తొక్కిపట్టిన అస్తరు గుడ్డ, పొయ్యి మీద పప్పు. సూది నోట్లో ఉంది కాబట్టి జవాబు చెప్పలేదు. లేకపోయినా చెప్పేది కాదు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆ మాట ఎన్నిసార్లు విన్నా, జవాబు కోసం ఆగి చూసినవాళ్ళు లేరు.

భద్రాచలం బజారులో బషీర్ టైలర్స్ తెలియనివాళ్ళు తక్కువ. ముందు గది దుకాణం, వెనక గది ఇల్లు, మధ్యలో ఒక ఆకుపచ్చ పరదా. ముందు గదిలో బషీర్ మెడలో టేపు వేసుకొని కూర్చుంటాడు. కొలతలు తీసుకుంటాడు, గోదావరి ఎన్నడుగులకు వచ్చిందో మాట్లాడతాడు, వచ్చినవాళ్ళకు చాయ్ చెప్తాడు. కొలతల చీటీ, గుడ్డ పరదా కింది నుంచి లోపలికి వస్తాయి. నాలుగు రోజులకు అదే దారిన చొక్కాగానో జాకెట్టుగానో బయటికి పోతాయి. మధ్యలో ఏం జరుగుతుందో బజారుకు తెలియదు.

మొదట్లో ఇట్లా లేదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆమె పని గుండీలు, కాజాలు, చీరలకు ఫాల్స్. “కత్తెర మొగోళ్ళది, సూది ఆడోళ్ళది. ఈ ఇంట్ల అదే రివాజు” అనేది అత్త. ఎనిమిదేళ్ళ కిందట బషీర్ కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. ఖమ్మం దవాఖానాలో చూపిస్తే మెడ దగ్గర నరం నలిగిందన్నారు, కత్తెర పట్టొద్దన్నారు. ఆ వారం ఒక పెళ్ళివాళ్ళ బట్టలు కుప్పగా పడి ఉన్నాయి. అత్త తలుపు మూసి, కత్తెర తెచ్చి కోడలి ముందు పెట్టి, “బయట తెలువొద్దు” అంది. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. నాలుగేళ్ళకు అత్త కన్నుమూసింది. బయట తెలియకూడదని ఆమె పెట్టిన రివాజు మాత్రం నిలిచిపోయింది.

కత్తెర పట్టిన మొదటిరోజే సఫూరాకు ఒక సంగతి తెలిసింది. ఈ పని తనకు భర్త కంటే బాగా వస్తుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్ళకు తనకు తాను చెప్పుకోవడం కూడా మానేసింది.

కళావతి దుకాణానికి వచ్చింది ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం. ఆమె గిరిజన బాలికల బడిలో ఆటల టీచరు, టేకులపల్లి అవతల అడవి పల్లె పిల్ల. రెండేళ్ళుగా పొద్దున్నే బడి మైదానంలో ఊరి ఆడవాళ్ళ చేత పాటలు పెట్టి ఏరోబిక్స్ చేయిస్తోంది. మొదట షుగరు, బీపీ ఉన్నవాళ్ళు వచ్చారు. తరువాత ఏ జబ్బూ లేనివాళ్ళు ఏదో ఒక జబ్బు పేరు ఇంట్లో చెప్పి వచ్చారు. ఇప్పుడు వాళ్ళందరినీ పెట్టి సినిమా తీస్తానంటోంది.

“సినిమానా?” బషీర్ నవ్వాడు. “హీరో ఎవరు?”

“హీరో లేడు మాస్టర్. హీరోయిన్ మా జంపక్క. బడి వంటింట్ల వండుతది. యాభై ఎనిమిదేండ్లు.”

పరదా వెనక సఫూరా చేతిలో ఇస్త్రీపెట్టె ఆగింది.

కథ చిన్నది. మోకాళ్ళ నొప్పితో మంచమెక్కబోయిన ఒక వంటామె, పాటకు ఎగరడం మొదలుపెట్టి, ఇంకో ఇరవై ఒక్క మందిని కూడగట్టి, జిల్లా పోటీకి పోతుంది. పెళ్ళి వీడియోలు తీసే కెమెరా కిరాయికి దొరికింది. సినిమా పేరు కూడా పెట్టేసుకున్నారు, ‘జంపక్క జంప్’. చిక్కల్లా బట్టలతోనే వచ్చింది.

“చీర కట్టి ఎగిరితే కాళ్ళకు అడ్డం పడుతున్నది. సిటీల తొడిగే టైట్లు తెస్తే ఒక్కామె గూడ వేసుకోలే. రెంటి నడుమ ఏదన్న కావాలె మాస్టర్. కాలు భుజం దాక లేవాలె. గుడ్డ జరుగొద్దు, చీలొద్దు. వేసుకున్నోళ్ళకు సిగ్గనిపించొద్దు.”

“ఎందుకు కాదు! దానికో పద్ధతుంటది, ఆలోచిస్త” అన్నాడు బషీర్. “సినిమాల నా పేరు పడాలె మరి.”

కళావతి సరేనంది. ఆలోచించే పని కాగితమ్ముక్క మీదికెక్కి పరదా కింది నుంచి లోపలికి వచ్చింది.

సఫూరా రెండు రోజులు ఆ కాగితం వైపు చూడకుండా వంట చేసింది, అంట్లు తోమింది, షేర్వానీ ముగించింది. మూడోరోజు బియ్యం కడుగుతుంటే తట్టింది. నేలకొండపల్లిలో ఆమె తండ్రి పాతకాలపు పైజామాలు కుట్టేవాడు. రెండు కాళ్ళూ కలిసేచోట నలుపలకల ముక్క ఒకటి అతికేవాడు. దాన్ని మియానీ అనేవాడు. అది ఉంటే మనిషి గుర్రమెక్కినా పైజామా చిరగదు. ఆమె ఆ ముక్కను రెండింతలు చేసి, పైన కుచ్చు పెట్టి, మడమల దగ్గర బిగువు ఇచ్చింది. పైన మోకాలి దాకా కుర్తా, పక్కల చీలికలు, చీలిక విచ్చుకుంటే లోపల ఇంకో పొర. ముదురు నీలం, పసుపు అంచు.

బాగుందో లేదో చూడాలంటే ఎవరో ఒకరు తొడుక్కొని ఎగరాలి. కూతురు జెబా కాలేజీకి పోయింది. బషీర్ బయటికెళ్ళాడు. సఫూరా రెండు తలుపులూ గడియ వేసి తనే తొడుక్కుంది. కాలు లేపింది. గుడ్డ జరగలేదు. ఇంకా లేపింది. ఇక మిగిలింది ఎగరడం.

అప్పుడు గుర్తుకొచ్చింది, తను నేల విడిచి ఎన్నేళ్ళయిందో. పన్నెండో ఏట తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే తల్లి చెయ్యి పట్టి లోపలికి లాక్కుపోయింది, “ఇగ ఎగురుడు బంద్” అని. అప్పటి నుంచి ఈ పాదాలు మిషను తొక్కాయి, గుడ్డ తొక్కిపట్టాయి, తడి నేల మీద జారకుండా ఆచితూచి నడిచాయి. నడుము వంగింది, లేచింది. చేతుల సంగతి చెప్పక్కర్లేదు. ఒంట్లో ప్రతి భాగానికీ ఇంట్లో ఒక ఉద్యోగం ఉంది. ఊరికే పైకి లేచే పని మాత్రం దేనికీ లేదు. ఒక్కసారి ఎగిరింది. అరలో గిన్నెలు గలగలమన్నాయి. ఎవరైనా విన్నారేమోనని నిలబడిపోయింది. మళ్ళీ ఎగిరింది. మళ్ళీ. పదిసార్లో పన్నెండుసార్లో అయ్యాక ఆయాసంతో గోడకు ఆనుకున్నప్పుడు, కింద తడి తగిలి ఉలిక్కిపడింది. బిడ్డను కన్న ఒళ్ళు. దగ్గితే, తుమ్మితే అయ్యేదే. ఎగిరితే ఇంత అవుతుందని తెలియదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. మరుక్షణం ఇంకో ఆలోచన వచ్చింది. మైదానంలో ఎగిరే ఆ ఇరవై ఇద్దరికీ ఇదే కదా. ఎవరూ ఎవరికీ చెప్పుకొని ఉండరు.

ఆ సాయంత్రం ఆమె మియానీ లోపల మెత్తటి నూలు గుడ్డ రెండు పొరలు వేసి కుట్టింది. బయటికి కనపడని కుట్టు. పన్నెండు రోజుల్లో ఇరవై రెండు జతలు పూర్తయ్యాయి.

ఆడవాళ్ళ మధ్యకు తాను పోవడం బాగుండదని బషీర్ సఫూరానే మూటతో మైదానానికి పంపాడు. జంపక్క గది చాటుకు పోయి తొడుక్కొని వచ్చింది. నల్లగా, సన్నగా, చెరుకుగడలా ఉందామె. రెండు గెంతులు వేసి ఆగి, తన కాళ్ళకేసి తానే చూసుకుంది.

“బిడ్డా, నాకు రెండు కాళ్ళున్నయని ఇయ్యాల తెలుస్తున్నది. ఎవరు కుట్టిన్రు?”

“మా ఆయన.” అబద్ధం ఆలోచించకుండానే వచ్చేసింది.

జంపక్క దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. “లోపల మెత్త గుడ్డ పెట్టిండు గద. నలుగురిని కన్నదానికి ఎగిరితే ఏమైతదో మీ ఆయనకు ఎట్ల తెలిసింది?”

సఫూరా మూట మడతపెట్టుకుంటూ తల వంచుకుంది. వెళ్ళేటప్పుడు జంపక్క ఆమె రెండు చేతులూ పట్టుకొని, వేళ్ళ చివర సూది పొడిచిన గుర్తుల మీద బొటనవేలితో ఒకసారి రాసి వదిలేసింది.

సినిమా తయారైంది. ఒక ఆదివారం పొద్దున, గోదావరి కరకట్ట దగ్గర ఫంక్షన్ హాల్లో మొదటి ఆట వేశారు. గోడల మీద వరద నీళ్ళు నిలిచిన గీతలు ఏడాదికొకటి చొప్పున కనపడుతున్నాయి. తెర అంటే రెండు తెల్ల దుప్పట్లు కలిపి కుట్టినది. ఎడమవైపు ఆడవాళ్ళు, కుడివైపు మగవాళ్ళు, కుర్చీలు చాలక వెనక నిలబడ్డవాళ్ళు.

పేర్లు పడటం మొదలయ్యాయి. ‘దుస్తుల రూపకల్పన: బషీర్ మాస్టర్’. అది పడుతుందని సఫూరాకు తెలుసు. ఆమె చెవిన పడేట్టుగానే మాట్లాడుకున్నారు. అయినా ఒక్కో అక్షరం మనిషంత ఎత్తున తెర మీద నిలబడేసరికి ఎవరో ఛాతీ మీద తోసినట్టయింది. మగవాళ్ళ వైపు నుంచి చప్పట్లు. “అమ్మీ” అని మాత్రం అంది పక్కన కూర్చున్న జెబా. ఆ పిల్ల వైపు తిరగలేదు సఫూరా.

సినిమా ఏమంత గొప్పగా లేదు. మాట ముందు వినపడి పెదవి తరువాత కదిలింది. పోటీ జరుగుతుంటే ఒక కుక్క నింపాదిగా నడిచిపోయింది. ఏడవాల్సిన చోట జంపక్కకు నవ్వొచ్చింది, ఆ నవ్వు అట్లాగే ఉంచేశారు. కుడివైపు ఈలలు మొదలయ్యాయి. “ముసల్దానికి ఇదేం పోయేకాలంరా!” అన్నారెవరో. నవ్వులు. కొందరు లేచి బయటికి పోసాగారు. అప్పుడు మూడో వరసలో తలగుడ్డ చుట్టుకున్న ఒక బక్కమనిషి నిలబడ్డాడు. జంపక్క మొగుడు భీమయ్య.

“అది నా పెండ్లాం! ఇప్పపువ్వు ఏరి, కట్టెలు మోసి, నలుగురిని సాకింది. ఇయ్యాల ఎగురుతున్నది. చూసేటోళ్ళు చూడున్రి, లేనోళ్ళు నడువున్రి!”

ఆ మాటకు ఎడమవైపు నుంచి చప్పట్లు లేచాయి.

చివరి పాట పన్నెండు నిమిషాలు. సఫూరా మొదట కుట్లే చూసింది. ఎక్కడైనా లాగుతుందేమో, ఎక్కడైనా పిగులుతుందేమో. తరువాత కుట్లు చూడటం మరిచిపోయింది. ఇరవై రెండు మంది ఒకేసారి గాల్లో ఉన్నారు. వంట చేసేవాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు, పైపుల దుకాణం రాంబాబు ఇంటామె రమణ కూడా. ఒక్కరి పాదమూ నేల మీద లేదు. ఆ క్షణంలో వాళ్ళను నేలకు కట్టేసే పని ఏదీ ఈ లోకంలో లేదు. వాళ్ళ ఒంటి మీద ఉన్న ప్రతి గుడ్డనూ తన కత్తెరే కోసింది. సఫూరా నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

దీపాలు వెలిగాయి. సగం హాలు నిలబడి చప్పట్లు కొడుతోంది, సగం గొణుక్కుంటూ తలుపు దిక్కు నడుస్తోంది. “సినిమా ఎట్లున్నా బట్టలు మాత్రం నీటుగున్నయ్” అన్నాడొకాయన గట్టిగా. బషీర్ లేచి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకొని, నాలుగు దిక్కులకూ వంగి సలాం చేశాడు.

సినిమాను నెట్‌లో పెట్టారు. వారం తిరిగేసరికి ఊరు రెండయింది. జెబా వచ్చిన రాతలన్నీ తల్లికి చదివి వినిపించేది. మా అమ్మకు చూపించిన, పొద్దున్నే లేచి ఎగురుతున్నది అని ఒకరు. దీన్ని సినిమా అంటే సినిమావాళ్ళు ఊరేసుకుంటరు అని ఇంకొకరు. జంపక్కకు దండం. ఇంట్ల వంట ఎవరు చేస్తరు? మా ఊరికి వచ్చి నేర్పుతరా? ఆడోళ్ళకు హద్దుండాలె. చాయ్ హోటళ్ళలో ఇదే మాట. కొన్ని ఇళ్ళల్లో పెళ్ళానికి నచ్చిందని మొగుడు, మొగుడికి నచ్చిందని అత్త అలిగి కూర్చున్నారు. మైదానానికి వచ్చేవాళ్ళు నలభై మందయ్యారు.

కేబుల్ చానల్ వాళ్ళు దుకాణానికి వచ్చారు. బషీర్ తెల్లచొక్కా వేసుకొని మిషను ముందు కూర్చున్నాడు. “రెండు నెలలు దిమాక్ పెట్టి ఆలోచించిన. మా నాయిన కాలం నాటి హునర్, పనితనం ఇది” అన్నాడు. లోపల మెత్త గుడ్డ ఎందుకు పెట్టారని అడిగింది చానల్ అమ్మాయి.

“అదా? అది చెమటకు.”

పరదా వెనక సఫూరా దారం కొరికింది. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఆమెకే తెలియలేదు.

ఆ తరువాత నాలుగు రోజులకు ఎవరో ఆ పన్నెండు నిమిషాల పాటలోంచి పన్నెండు సెకన్లు కత్తిరించారు. దాన్ని నెమ్మది చేసి, ముఖాలు తీసేసి నడుముల మీదికి తెచ్చి, ఒక బూతుపాట అంటించి ఫోన్లలోకి వదిలారు. ఒక్క మధ్యాహ్నంలో ఊరంతా తిరిగింది. అందులో ముందు వరసలో ఉన్నది రమణ. ముఖం లేకపోయినా చేతి గాజులు చూసి పోల్చుకున్నారు. మర్నాడు రమణ మైదానానికి రాలేదు. ఆ మర్నాడు ఇంకో పదిమంది రాలేదు. కళావతిని పైవాళ్ళు పిలిచి సంజాయిషీ రాసిమ్మన్నారు.

సఫూరాను నిశ్చేష్టురాలిని చేసింది ఆ ముక్క కాదు. దాని మీద ఊరు వేసిన ప్రశ్నలు. సినిమా ఎవరు తీసిన్రు? ఎగిరింది ఎవరు? ఆ బట్టలు ఎవరు కుట్టిన్రు? అందరూ కుట్టిందెవరని అడిగారు. పాటలోంచి ఆ ముక్కను కోసిందెవరని ఒక్కరూ అడగలేదు.

శనివారం పన్నెండు గంటలకు అయిదుగురు దుకాణానికి వచ్చారు. ముందు రాంబాబు. కూర్చోమంటే కూర్చోలేదు. వీధిలో పోయేవాళ్ళు ఒక్కొక్కరే ఆగారు.

“బషీర్ భాయ్, ఇన్నేండ్ల సంది నీ దగ్గరనే కుట్టిస్తున్నం. మా ఇండ్లల్ల పెండ్లిళ్ళకు నువ్వే, పండుగలకు నువ్వే. ఇండ్లల్ల ఉండే ఆడోళ్ళకు గసోంటి బట్టలు కుట్టేటప్పుడు కొంచెం బుద్ధి ఉండాలె గద?”

“అన్నా, అండ్ల తప్పేం లేదు, ఒళ్ళంత కప్పే ఉన్నది...”

“కప్పి ఉంటే ఊరంత నా ఇంటి దిక్కు చూసి ఎందుకు నవ్వుతున్నది? ఈ సీజన్ల బజారోళ్ళ గుడ్డ ముక్క ఒక్కటి నీ గడప తొక్కదు. సోంచాయించుకో.”

పరదా ఇవతల సఫూరా బల్ల మీద గుడ్డ పరిచి గీత గీస్తోంది. బషీర్ గొంతు సవరించుకోవడం వినిపించింది. ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు. భయపడ్డప్పుడు రెండుసార్లు దగ్గుతాడు.

“నేను కుట్టలే అన్నా” అన్నాడు బషీర్.

“నీ పేరే పడ్డది గద! టీవీల చెప్పింది నువ్వు గాదా?”

“పేరు నాది. కోసుడు, కుట్టుడు అంత మా ఇంటామెది. అండ్ల ఏం పెట్టిందో, ఎట్ల పెట్టిందో నాకు తెల్వదు. నా చెయ్యి పనిజేయక ఎనిమిదేండ్లాయె. చూడున్రి, కత్తెర గూడ పట్టరాదు. అంత ఆమెనే.”

కుక్కర్ కూస్తోంది, సఫూరాకు ఆ కూత వినపడటం లేదు. పెద్ద పండుగకు డెబ్బై జతలు కుట్టి తన వేళ్ళు వాచిన ఏడు బషీర్ ఈ మాట చెప్పలేదు. షేర్వానీ బాగుందని హైదరాబాదు నుంచి పెళ్ళివాళ్ళు మిఠాయి పంపినప్పుడు చెప్పలేదు. కన్నకూతురు “అబ్బాజాన్, అమ్మీనే కదా కుట్టింది” అంటే కళ్ళెర్రజేశాడు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకొని నాలుగు దిక్కులకూ సలాం చేశాడు. ఎనిమిదేళ్ళుగా పొగడ్తలన్నీ పరదా అవతలే ఆగిపోయాయి. నింద వచ్చిన రెండో నిమిషానికే పరదా దాటి వచ్చి ఆమె ఒళ్ళో పడింది. ఇంత సులువా? రెండుసార్లు దగ్గి, రెండు మాటలు చెప్తే అయిపోయే పనా ఇది? మరి ఎనిమిదేళ్ళూ ఎందుకు కాలేదు?

కోపం రావాలి. రాలేదు. ఇంకో సంగతి మెల్లమెల్లగా తెలిసొచ్చింది. బషీర్ అన్నది అబద్ధం కాదు. నిందలాగా విసిరాడు గానీ, ఆ మాట ముక్కకు ముక్క నిజం. కోసింది ఆమే. కుట్టింది ఆమే. నలుగురి ముందు, వీధి వినేట్టుగా, మొగుడే చెప్పాడు.

ఆమె పొయ్యి ఆపేసింది. దుపట్టా నెత్తి మీద సరిచేసుకొని పరదా పక్కకు జరిపి బయటికి వచ్చింది. ఆ గదిలోకి జనం ఉన్నప్పుడు ఆమె రావడం అదే మొదటిసారి. అయిదుగురూ ఆమెను కొత్తమనిషిని చూసినట్టు చూశారు.

“అవ్ రాంబాబన్నా. నేనే కుట్టిన.”

రాంబాబు తడబడ్డాడు. ఆడమనిషితో తగాదాకు అతను సిద్ధపడి రాలేదు. “నువ్వెందుకమ్మా నడుమల వచ్చుడు? మేం మాస్టర్‌తోని మాట్లాడుతున్నం.”

“మాస్టర్ చెప్పిండు గదన్నా, ఆయనకు తెల్వదని. తెలిసినదాన్ని నన్నడుగున్రి. రమణక్క కాలు లేపితే గుడ్డ పైకి రాకుండ కుట్టిన. అతుకు చీలకుండ కుట్టిన. పక్కల విచ్చుకుంటే లోపల ఇంకో పొర కనపడేటట్టు కుట్టిన. మొత్తం పాట చూడున్రి, వేలెడంత ఒళ్ళు కనపడితే నా చెయ్యి నరుక్కుంట. కనపడని ఒళ్ళు ఎవనికన్న కనపడ్డదంటే అది నా కుట్టుల లేదు, ఆ ముక్క కత్తిరించినోని కండ్లల్ల ఉన్నది. వాడెవడో మీరు అడిగిన్రా? ఈ అయిదుగుర్ల ఒక్కరన్న అడిగిన్రా?”

వెనక నిలబడ్డ ఇద్దరు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ ముక్క తమ ఫోన్లలోకి ఎక్కడి నుంచి వచ్చిందో, తాము మళ్ళీ ఎవరెవరికి పంపారో వాళ్ళకు గుర్తుకొచ్చినట్టుంది.

“ఇగ మా దగ్గర కుట్టించుకునేది లేదంటున్నరు” అంది సఫూరా. “మీ ఇష్టమన్నా. గాని మీ ఒంటి మీదున్న చొక్కా నేనే కోసిన. మీకు కుడి భుజం ఎడమదానికంటే అర అంగుళం కిందికుంటది. అది కనపడకుండ ఆ పక్క లోపల పట్టీ వేస్త. ఎనిమిదేండ్ల సంది ప్రతి చొక్కాకు వేస్తున్న. ఆడదాని కుట్టు మీకు పనికిరాదంటే ఇక్కడ్నే విప్పి ఇచ్చిపోన్రి.”

రాంబాబు చెయ్యి దానంతటదే కుడి భుజం మీదికి పోయింది. వీధిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుకు అతని ముఖం కందిపోయింది. మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఇద్దరు తమ గుడ్డల మూటలు అడిగి తీసుకుపోయారు. మిగిలిన ఇద్దరూ చొక్కాలు ఎప్పుడు ఇస్తావని అడుగుదామా వద్దా అన్నట్టు కాసేపు నిలబడి, వచ్చే వారం వస్తామని బషీర్‌తో కాకుండా ఆమెతో చెప్పి కదిలారు.

వాళ్ళు పోయాక బషీర్ స్టూలు మీద కూలబడ్డాడు. అతని కుడిచేయి తొడ మీద సన్నగా వణుకుతోంది. ఎప్పుడూ దాన్ని దాచుకునేవాడు. ఇవాళ దాచుకునే ఓపిక కూడా లేనట్టు వదిలేశాడు. సఫూరాకు జాలి వేసింది. ఈ మనిషి కూడా ఎనిమిదేళ్ళు భయంలోనే బతికాడు కదా అనిపించింది. ఆ జాలి ఇంతకుముందు ఎన్నిసార్లు తన నోరు మూసిందో గుర్తుకొచ్చి, దాన్ని అక్కడికే ఆపుకుంది.

“ఆ టైంకు ఏదో నోట్ల నుంచి అట్ల వచ్చింది” అన్నాడు నేల చూస్తూ. “నువ్వేం పరేషాన్ గాకు. పొద్దుగూకినంక రాంబాబు దగ్గరికి పోత. ఏదో కోపంల అన్న, మా ఇంటామెకు కుట్టు ఏం రాదు, సినిమావాళ్ళు ఖమ్మం నుంచి తెచ్చుకున్నరు అని చెప్త. బజారు అంత నా మాట నమ్ముతది. నీ పేరు యాడ రానియ్య.”

నీ పేరు యాడ రానియ్య. ఎంత ప్రేమగా అన్నాడు! ఆమె అతని ముఖంలోకి చూసింది. నిజంగానే తనకు మేలు చేస్తున్నాననుకుంటున్నాడు. ఆ మధ్యాహ్నం ఆమెకు తగిలిన దెబ్బల్లో అదే పెద్దది.

“వద్దు” అంది సఫూరా. “పద్దెనిమిదేండ్లల్ల మీరు నా గురించి నలుగురి ముందట ఒక్కటే నిజం చెప్పిన్రు. అది గూడ తప్పు ఒప్పుకున్నట్టు చెప్పిన్రు. అయినా పర్వాలే, దాన్ని మల్ల అబద్ధం చెయ్యకున్రి. రేపటి సంది ముందటి గదిల నేను కూసుంట.”